మార్కండయ్య పథ్యం

1961 జూన్‌లో నాకు నల్గొండ జిల్లాలో, నకిరేకల్‌కు కొన్ని మైళ్ల అవతల ఉన్న ఒక ఊరి సర్కారు దవాఖానలో అసిస్టెంట్ సర్జన్‌గా మొదటి పోస్టింగు వచ్చింది. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే మార్కండయ్య మనుమలు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్లకు తాత మీద నవ్వులాట నచ్చదు. అసిస్టెంట్ సర్జన్ అంటే కత్తి పట్టే డాక్టరని చాలామంది అనుకుంటారు. అది హోదా పేరు మాత్రమే. పుండు కడగడం మొదలు పురుడు పోయడం దాకా అన్నీ చూసుకునే ఏకైక డాక్టరును సర్కారు అలా పిలిచేది. నా కింద మందులు కలిపే కాంపౌండర్ గౌస్ మియా, ఒక నర్సమ్మ, ఒక చప్రాసీ ఉండేవారు.

డ్యూటీలో చేరేముందు నల్గొండలో జిల్లా వైద్యాధికారిని కలిస్తే ఆయన ఒకే సలహా ఇచ్చారు. చేతనైంది చెయ్యి, కానిది పైకి పంపు. పైకి పంపేటప్పుడు రోగి చేతికి ఇచ్చే కాగితాన్ని ఊళ్లో చిట్టీ అనేవారు. హైదరాబాదు చిట్టీ దొరికినవాడికి వాడకట్టులో గౌరవం పెరిగేది. మామూలు జ్వరగాళ్లు వాడి ముందు నోరెత్తేవారు కాదు.

మార్కండయ్య దవాఖాన ఎదుటి సాలెల వాడకట్టులో పేరున్న నేతగాడు. యాభై దాటిన మనిషి, మంచి ఒడ్డూ పొడుగూ. మగ్గం గుంటలో కూర్చుని మాట్లాడితే నా టేబుల్ దాకా వినిపించేది. డాక్టరు ఏం చెబితే అదే ఆయనకు శాసనం. ఇలాంటి రోగులంటే మాకు సహజంగా ఇష్టం. మాట వినని రోగితో వచ్చే ప్రమాదం గురించి కాలేజీలో చెప్పారు కానీ, మాట వినే రోగితో వచ్చే ప్రమాదం గురించి ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి ఒళ్లంతా దద్దుర్లతో, రెండు చేతులా గోక్కుంటూ వచ్చాడు. కాల్షియం ఇంజెక్షన్ వేశాను. దాన్ని నరంలోకి మెల్లగా ఎక్కిస్తే ఒళ్లంతా వేడి పాకుతుంది, అందుకే ఊళ్లో దానికి వేడి సూది అని పేరు, దానికోసం నొప్పి లేనివాళ్లు కూడా వచ్చేవారు. దురద తగ్గే మాత్రలూ ఇచ్చాను. సాయంత్రానికి నెమ్మదించింది. మార్కండయ్య లేచి వెళ్లకుండా నిలబడి, "పత్తెం ఏంది సారూ?" అన్నాడు.

పథ్యం చెప్పని డాక్టరును అక్కడ డాక్టరుగా లెక్కించరు. మందు ఎవరైనా ఇస్తారు, నోరు కట్టించేవాడే వైద్యుడు. ఈ సంగతి గౌస్ మియా నాకు మొదటి వారంలోనే బోధించాడు. అందుకని వంకాయ, గోంగూర మానెయ్యమన్నాను. అందరూ చెప్పేది అదే. ఆశ్చర్యంగా, కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. నాకు కాస్త పేరు కూడా వచ్చింది.

తర్వాత పెదవులు బూరెల్లా ఉబ్బి వచ్చాడు. ఇంకోసారి వాంతులు. మరోసారి గొంతులో దురద, ఆగని దగ్గు. ప్రతిసారీ ముందుసారి కంటే ఎక్కువగానే వచ్చేది. నేను చిట్టీ రాశాను. నల్గొండ నుంచి హైదరాబాదు వెళ్లాడు. అక్కడ చర్మం డాక్టరు గుడ్లు, మాంసం, చేపలు బంద్ అన్నాడు. పొట్ట డాక్టరు కారం, చింతపండు, పప్పు బంద్ అన్నాడు. గొంతు డాక్టరు పెరుగు, అరటిపండు బంద్ అన్నాడు. ఏ డాక్టరూ ముందువాడు కట్టిన ముడి విప్పలేదు, తన ముడి ఒకటి అదనంగా వేసి పంపాడు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీశారు. ఏమీ లేదన్నప్పుడు మార్కండయ్య మొహం చిన్నబోయిందట, అంత దూరం పోయినందుకు ఏదో ఒకటి ఉండాలని ఆయన ఆశ.

ఆయన ఊరికి తిరిగొచ్చిన ప్రతిసారీ వాడకట్టు మగ్గాలు కాసేపు ఆగేవి. కొత్తగా ఏవేవి బంద్ అయ్యాయో ఆయన చదివి వినిపించినట్టు చెప్పేవాడు. ఇన్ని బంద్‌లు ఇంకెవరికీ లేవన్న గర్వం ఆ గొంతులో ఉండేది. ఆయన చర్మం ఒక డాక్టరు చేతిలో, పొట్ట మరొకరి చేతిలో, గొంతు ఇంకొకరి చేతిలో ఉండేవి. నా వంతుకు మార్కండయ్య ఒక్కడే మిగిలాడు.

ఆయన బావమరిది సాయిలుది కృష్ణానదికి దగ్గర్లోని కొల్లాపూర్. అతను వచ్చి, డాక్టర్లతో పని కాదు, మా దగ్గర దొరలకు మందిచ్చిన హకీం ఉన్నాడని బావను తీసుకుపోయాడు. హకీం ఏదో చూర్ణం ఇచ్చి, జావ, పాలు తప్ప మరేదీ ముట్టొద్దన్నాడు. పదిహేను రోజుల్లో మార్కండయ్య మొహం నునుపుదేలింది. ఇదంతా కృష్ణ నీళ్ల మహిమ అని సాయిలు తేల్చేశాడు. మార్కండయ్య ఒక బిందె నిండా ఆ నీళ్లు నింపి, మూతికి గుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆయన భార్య అండాలమ్మ సంతోషం పట్టలేక ఆ పూట దగ్గర కూర్చుని కడుపునిండా పెట్టింది. తెల్లారేసరికి కళ్లు కనపడనంత వాపు. బస్సు కుదుపులకు నీళ్లు విరిగిపోయాయని వాడకట్టు అంది. నీళ్లు మంచివే, మీ నల్గొండ మట్టే మంచిది కాదని సాయిలు కబురంపాడు. కొన్నాళ్లపాటు వాడకట్టులో నీళ్ల పార్టీ, మట్టి పార్టీ అని రెండు ఉండేవి. గౌస్ మియా మాత్రం ఎవరు ముందు టీ పోయిస్తే వాళ్ల వైపు.

ఈ నవ్వులాటంతా ఒక మధ్యాహ్నం ఆగిపోయింది. నలుగురు నేతగాళ్లు మార్కండయ్యను మంచం మీద మోసుకొచ్చారు. మొహం గుర్తుపట్టేలా లేదు, ఊపిరి ఈల వేస్తోంది, నాడి దొరకడం లేదు. ఇలాంటి వేళకే అడ్రినలిన్ అనే ఇంజెక్షన్ దాచుకుంటాం. దవాఖానలో ఆ మందున్న గాజు ఆంపూళ్లు రెండే ఉన్నాయి. గౌస్ మియా చేతిలోంచి జారి మొదటిది నేలపాలైంది. రెండోది నేనే విరిచి, చర్మం కింద సగం ఎక్కించాను, కాసేపాగి మిగతాది. మనిషి పోయాడనే అనుకున్నాను. అండాలమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది, ఏడవడం కూడా మరిచిపోయింది.

మెల్లగా ఈల ఆగింది. నాడి చేతికి వచ్చింది. ఇంకాసేపటికి మార్కండయ్య ఒక కన్ను కొద్దిగా తెరిచి నన్ను పోల్చుకున్నాడు. పెదవులు కదిపి, "సారూ... ఇగ ఏం బంద్ చెయ్యాలె?" అన్నాడు.

అండాలమ్మే అంది: "ఇగ బంద్ చెయ్యనీకి బువ్వ తప్ప ఏమున్నది సారూ? గదిగూడ బంద్ జేస్తే మనిషే బంద్ అయితడు."

ఇంకోసారి ఇలా వస్తే మిగలడని నాకు తెలుసు. ఈసారి చిట్టీ రాయలేదు. సెలవు పెట్టి, భార్యాభర్తలిద్దరినీ నేనే హైదరాబాదు తీసుకెళ్లాను, నాకు పాఠం చెప్పి రిటైరైన ప్రొఫెసర్ గారింటికి. బస్సులో మార్కండయ్య, "గా సారు దేనికి డాక్టరు?" అని అడిగాడు. ప్రత్యేకంగా దేనికీ కాదు, అన్నిటికీ అన్నాను. "అన్నిటికంటే దేనికి గాదన్నట్టే గద సారూ," అని నిట్టూర్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ప్రొఫెసర్ గారు పడక కుర్చీలో కూర్చుని, స్టెతస్కోపు కూడా తియ్యకుండా, రోజూ ఏం తింటావని అడిగారు. మార్కండయ్య మొదలుపెట్టాడు. వంకాయ తినను, గోంగూర తినను, గుడ్డు తినను, చేప తినను, ఏ డాక్టరు ఏది ఎప్పుడు బంద్ చేశాడో వరుస తప్పకుండా చెప్పాడు. ముసలాయన అంతా విన్నారు. విని, తినేది చెప్పమన్నారు. మార్కండయ్య తికమకపడ్డాడు. ఇన్నాళ్లలో ఆయన్ను ఆ మాట ఎవరూ అడగలేదు.

"తినేది ఏముంటది సారూ? ఉత్త బువ్వ."

ఉత్త అన్నం ఎలా దిగుతుందని ఆయన అడిగారు. దానికి అండాలమ్మ ముందుకొచ్చింది. "ఉత్త బువ్వ ఎట్ల దిగుతది సారూ? జర నువ్వుల పొడి ఏస్త. నువ్వులు బలం గద. పానం బాగలేనప్పుడు ఇంకింత ఎక్కువ ఏస్త."

ఆమె లెక్కలో అన్నం తిండి, పొడి తిండి కాదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఇంతకుముందు ఎన్ని రోజులకోసారి తినేవాడని ప్రొఫెసర్ గారు అడిగారు. ఎప్పుడో ఓసారి అంది. కూరలన్నీ బంద్ అయ్యాక మూడు పూటలా అదే. నేను ఆమె గుత్తి వంకాయలో ఏం కూరుతుందని అడిగాను. నువ్వులే. నాకు పేరు తెచ్చిన వంకాయ పథ్యం గుట్టు అది. కొల్లాపూర్‌లో జావ, పాలు మాత్రమే ఇచ్చారు, అక్కడ పొడి లేదు. ఇంటికి రాగానే ఆమె కడుపునిండా పెట్టినదాంట్లో అది ఉంది.

కొందరి ఒళ్లు అందరికీ పడే తిండిని శత్రువు అనుకుంటుంది, తిన్నకొద్దీ పగ పెంచుకుంటుంది, ఆ పోట్లాటే ఒకనాడు చర్మం మీద, ఒకనాడు పొట్టలో, ఒకనాడు గొంతులో కనపడుతుందని ప్రొఫెసర్ గారు వివరించారు. ముగ్గురు డాక్టర్లు చూసింది ఒకే జబ్బును. అండాలమ్మ మొహం పాలిపోయింది. తన చేత్తో దంచి పెట్టింది మరి. మరుక్షణం ఆమెకు కోపం వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

"గింతమంది డాక్టర్లల్ల ఒక్కలన్న నువ్వులు ఒద్దన్నరా?"

ప్రొఫెసర్ గారు లేదమ్మా అని తల వంచారు. నువ్వులు ఒక్కటే మాని, మిగతావన్నీ నా ఎదుట ఒక్కొక్కటిగా తినమన్నారు. మార్కండయ్య నమ్మలేదు. ఒక్కటే బందా అని రెండుసార్లు అడిగాడు. ఇంత చిన్న పథ్యం చెప్పే డాక్టరు మీద ఆయనకు గురి కుదరలేదు.

ఊరికి వచ్చాక ఆ తినే కార్యక్రమం దవాఖాన వరండాలో రోజుకొకటి చొప్పున జరిగింది. నల్గొండ నుంచి కొత్త ఆంపూళ్లు తెప్పించి, సిరంజి మరిగించి పక్కన పెట్టుకున్నాను. ఈసారి వాటి దగ్గరికి గౌస్ మియాను రానివ్వలేదు. వాడకట్టంతా వచ్చింది. కొల్లాపూర్ నుంచి సాయిలు కూడా వచ్చాడు. మొదటిరోజు చర్మం డాక్టరు గుడ్డు. మార్కండయ్య కళ్లు మూసుకుని, ఉరి తీయబోయేవాడిలా మింగాడు. జనం ఆయన మొహం కేసి చూస్తూ కూర్చున్నారు. ఏమీ కాలేదు. మర్నాడు పొట్ట డాక్టరు మిరపకాయ తొక్కు. దగ్గు వచ్చింది, అందరం లేచి నిలబడ్డాం, అది కారానికి వచ్చే దగ్గే. గొంతు డాక్టరు పెరుగు, తర్వాత చేప, తర్వాత గోంగూర మాంసం. గోంగూర నాడు మార్కండయ్య ఏడ్చాడు. భయపడి నాడి పట్టుకున్నాను. "రుచికి ఏడుస్తున్న సారూ, ఇడువుండ్రి," అన్నాడు. ఆఖరి రోజు నువ్వులు లేని గుత్తి వంకాయ. అప్పటికి జనం పలచబడ్డారు. ఏమీ జరగని తమాషా ఎన్ని రోజులు చూస్తారు?

ఆ తర్వాత మార్కండయ్యకు దద్దుర్లు రాలేదు. బంద్‌లన్నీ పోయి ఒక్కటే మిగలడంతో వాడకట్టులో ఆయన హోదా మాత్రం తగ్గింది. కొన్నాళ్లు దిగులుగా తిరిగాడు.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఒక్క ప్రశ్న. ఏం తినకూడదో చెప్పే ముందు ఏం తింటున్నావని అడగడం, పొడి, పచ్చడి, పండుగ పిండివంట దాకా వదలకుండా అడగడం. ఉద్యోగం ఉన్నంతకాలం అడిగాను, అడిగి నష్టపోయింది లేదు. ఏ స్పెషలిస్టు దగ్గరికి పంపాలో తేల్చుకోవడానికి కూడా అదే పనికొచ్చింది.

అండాలమ్మ ఇంట్లోకి మళ్లీ నువ్వుగింజ రాలేదు. పండుగకు బియ్యప్పిండిలో నువ్వులు కలిపి చేసే సకినాలు కూడా అవి లేకుండానే చుట్టేది. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఏటా ఒక గిన్నె నిండా నాకు పంపి, ఎట్లున్నయి సారూ అని అడిగేది. నువ్వులు లేని సకినం చప్పగా ఉంటుంది. వీధి అవతల మగ్గం గుంటలోంచి మార్కండయ్య గొంతు వినపడుతూ ఉండేది. బాగున్నాయమ్మా అనేవాణ్ని.