బర్న్‌లీ రంగుల పడుగు

గట్టుప్పల నేతకారుడు వెంకటనర్సుకు యాభై తొమ్మిదేళ్లు. ఒక్కసారి కూడా బంతి తన్నిన మనిషి కాదు. అయినా ఆయనకో ఫుట్‌బాల్ జట్టు ఉంది: ఇంగ్లండులోని బర్న్‌లీ.

కరోనా ఏట చీరలు కొనేవాళ్లు లేక మగ్గం ఆగినప్పుడు మేనల్లుడు విజేందర్ ఫోన్‌లో ఆ జట్టు ఆట చూపించాడు. ఒకప్పుడు ఆ ఊళ్లో దాదాపు లక్ష మరమగ్గాలు ఆడేవని, మిల్లులు మూతబడినా క్లబ్బు నిలిచిందని చెప్పాడు. వెంకటనర్సు ఇక వదల్లేదు. జట్టు పై లీగు నుంచి కిందికి జారిన ఏడాది కూడా చూశాడు.

"గెలిచేటోళ్లను పట్టుకోరాదు మామా?"

"గెలిచేటోళ్లకు నేనెందుకురా?"

నిరుడు మోకాళ్లు మొరాయించాయి. గుంట మగ్గంలోకి దిగడం, ఎక్కడం కష్టమైంది. గుంట పూడ్చి కుట్టుమిషన్ వేద్దామని భార్య యాదమ్మ అంది. ఆయన సరేనన్నాడు. ఆఖరి చీర కోశాక దువ్వెనలాంటి అచ్చులో పాత పోగుల కొసలు మిగిలాయి. కొత్త పడుగును, అంటే నిలువు పోగులను, వాటికే పోగు పోగునా అతుకుతారు. వాటిని లాగేస్తే మగ్గం కథ ముగిసినట్టే.

గుంట పూడ్చే మొరం ట్రాక్టర్ రావలసిన రోజుకు ముందురోజు బడి పీఈటీ మంజులత వచ్చింది. బడి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు జనవరిలో నల్లగొండలో జిల్లా ఫైనల్ ఆడబోతోంది.

"పెద్దనాయినా, పదకొండు మఫ్లర్లు నేసియ్యాలె. మీ బర్న్‌లీ రంగులల్ల."

"గవ్వి నేసినంక గుంట పూడుడే," అంది యాదమ్మ. మొరం వాయిదా వేసి, చెల్లెలిని చూడడానికి చండూరు పోయింది.

వెంకటనర్సు నూలుకు ముదురు మెరూన్, లేత నీలం అద్దాడు. బట్టను నిలువునా నాలుగు పట్టీలుగా కోస్తే, ఒక్క చీర పొడుగు పదకొండు మఫ్లర్లకు చాలు. యాదమ్మ తిరిగి వచ్చేసరికి వేల పోగులు అతికి ఉన్నాయి. పడుగు చుట్ట చూసి ఆమె నిలబడిపోయింది. ఏడు చీరల పడుగు!

"మఫ్లర్లకు గింత పడుగేందయ్యా?"

"నలబై ఏండ్లసంది గంతే పోస్తున్న. చెయ్యి ఆగలే."

"చెయ్యి మీదికి నూకకు. నీ సంగతి నాకెర్క లేదా?"

ఆయన నూలు చుట్టిన కండెలు సర్దుకోసాగాడు.

జనవరి ఫైనల్లో అమ్మాయిలు మూడు గోల్స్ తేడాతో ఓడారు. మెడలో మఫ్లర్లతోనే బస్సు దిగారు. గోల్‌కీపర్ అక్షిత నేరుగా మగ్గం దగ్గరకు వచ్చింది.

"తాతా, ఓడిపోయినం."

"వచ్చే ఏడు ఆడరా ఏంది? మఫ్లర్ మట్టి పట్టింది, ఉతుకుపో."

"వచ్చే ఏడు పిల్లలు ఎక్కువైతరు. ఇంకో మూడు కావాలె."

వెంకటనర్సు యాదమ్మ వైపు చూశాడు. ఆమె ట్రాక్టర్ అతనికి ఫోన్ చేసి మొరం వద్దంది. తర్వాత మోకాళ్లు మరీ వంగకుండా, గుంట అంచున ఆయన కూర్చునే చోట రెండు దిండ్లు వేసింది.

"ఇంకా ఆరు చీరల పడుగున్నది. దిగు, జర పైలం."

ఆయన దిగాడు.