రోజూ వచ్చేవారు

మేముండే బాతెల్‌లో బస్సెక్కితే, నా పక్క సీటులో పెద్దవయసు తెలుగావిడ ఒకరు, హమ్మింగ్‌బర్డ్ పిట్టలకు పంచదార నీళ్లు పోసిపెట్టే ఎర్ర సీసాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

“మావారు పోయిన పదో రోజున బాల్కనీలో పిండం పెడితే ఒక్క కాకీ ముట్టలేదమ్మా. ఈ పిట్టే వచ్చి నా మొహం ముందు గాల్లో నిలబడింది. ఆయనే అనుకున్నా. అప్పట్నుంచీ రోజూ వచ్చేవారు,” అన్నారావిడ.

అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, వేరే రాష్ట్రంలో, శాన్ రామన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారట.

“అక్కడ కూడా ఇవి ఉంటాయి ఆంటీ,” అన్నాను.

“పిట్టలుంటాయమ్మా. ఆయన మాత్రం రేపు పొద్దున ఆ బాల్కనీకే వస్తారుగా.”

దిగేటప్పుడు సీసా నా చేతిలో పెట్టారు. అది ఇప్పుడు మా కిటికీకి వేలాడుతోంది. ఏ పిట్ట వచ్చినా, ఎవరూ వినకుండా, “రండి” అంటాను.