నేను మాన్పించిన సూదిమందు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! నేను హనుమాన్ జంక్షన్‌లో లారీలకు బాడీలు కట్టే వడ్రంగిని, మన సంఘంలో రోగుల కోసం ప్రార్థన చేసేవాడిగా నాకు పేరుంది, ఆ పేరే నన్ను పడగొట్టిందని ఒప్పుకోవడానికి ఈరోజు మీ ముందు నిలబడ్డాను. నా భార్య కరుణకు మొదటి రెండు కాన్పులూ ఏడో నెల రాకముందే అయిపోయి, ఇద్దరు బిడ్డలూ దక్కలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు విజయవాడలో లేడీ డాక్టరుగారు చూసి, బిడ్డ నెలలు నిండేదాకా కడుపులో నిలవడానికి కొత్తగా హార్మోను ఇంజక్షన్లు వస్తున్నాయి, వారానికొకటి వేయించమన్నారు. "తప్పక నిలుస్తుందని చెప్పలేను, ప్రయత్నిద్దామండీ" అన్నారు.

నాలుగు వారాలు వేయించాను. ఇంతలో తోటి విశ్వాసి ఒకాయన నవ్వుతూ, "ఊరందరికీ నీ ప్రార్థన, నీ భార్యకేమో సూదులా?" అన్నాడు. ఆ మాటకు తల కొట్టేసినట్టయి, ఇంటికొచ్చి, "ఇక చాలు, దేవుడే చూసుకుంటాడు" అని మాన్పించేశాను! కరుణ బతిమాలింది. "నమ్మకం లేక కాదండీ, బిడ్డ కావాలని" అంది. నేను వినలేదు. దేవుని పేరు చెప్పి నేను కాపాడుకున్నది నా పరువును, అయ్యో, నా పరువును!

ఆరో నెల చివర నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. మధ్యాహ్నం దాకా ఊపిరి పీల్చింది, అంతే. నేను ఏడుస్తుంటే డాక్టరుగారు, "వేయించినా నిలిచేదో లేదో నాకూ తెలియదండీ. కానీ మానెయ్యమని నేను చెప్పలేదు కదా" అన్నారు. ఆ తెలియకపోవడమే ఈనాటికీ నన్ను తినేస్తోంది.

"ప్రభువా, నిన్ను అడ్డం పెట్టుకుని నా భార్య మాట తోసేశాను, క్షమించు" అని ఎన్నాళ్లు ఏడ్చానో! కరుణ నాతో సరిగా మాట్లాడటానికే ఏడాది పట్టింది. మళ్లీ గర్భవతి అయినప్పుడు, ప్రతి గురువారం పని మానుకుని నేనే బస్సులో విజయవాడ తీసుకువెళ్లి, ఆమెకు సూది వేస్తున్నంతసేపూ బయట బల్ల మీద కూర్చుని, "తండ్రీ, ఈ మందు కూడా నీ చేతిలోదే" అని ప్రార్థించాను. నెలలు నిండి కొడుకు పుట్టాడు, స్తోత్రం! వాణ్ణి ఒళ్లో పెట్టుకుని కరుణ, "వీడికో అక్క ఉండేదండీ" అంది. నిందించినట్టు కాదు.

దేవుడు నన్ను క్షమించాడు, ఆ గర్వం నుంచి విడిపించాడు, మహిమంతా ఆయనదే! మీరూ ఆయనను నమ్మండి, మోకరించి కన్నీళ్లతో అడగండి. అడిగాక లేచి, మీ ఇంటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.