చెట్టెక్కే ముందు కేక

చిన్నబ్బాయి కేక ఐ.పోలవరం వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. "చెట్టెక్కుతున్నానండోయ్!" అని మూడుసార్లు. కొబ్బరి దింపు తీసేవాడెవడైనా ఎక్కే ముందు కేక వెయ్యాల్సిందే. పైనుంచి చూస్తే పక్క దొడ్లన్నీ కనబడతాయి. తడికల చాటున నీళ్లు పోసుకునే ఆడవాళ్లుంటారు, ఆ తడికలకి పైన కప్పుండదు. కేక వినబడగానే వాళ్లు లోపలికి పోతారు, లేదంటే ఆగమంటారు. అది అందరూ చేసేదే. ఈయనది మరీ విడ్డూరం. కనుచూపు మేరలో ఒక్క ఇల్లూ లేని గోదావరి లంకలో కూడా మూడు కేకలూ వేసి, ఎవరైనా పలుకుతారేమో అన్నట్టు చెవి ఒగ్గి నిలబడతాడు.

"కొంగల్ని లోపలికెళ్లమంటున్నావా బావా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. నవ్వేసి తాడు బంధం కాళ్లకి తగిలించుకుంటాడు. ఎందుకలా అని అడిగితే చెప్పడు. భార్య కాంతానికి ఒక్కదానికే తెలుసు.

ఇరవై ఏళ్ల పైమాట. కువైట్‌లో వంటపని అని చెప్పి ఏజెంటు ఆయన్ని విమానం ఎక్కించాడు. అక్కడ రెండు రోజులుంచి, బస్సెక్కించి, ఇసకలో ఎక్కడో దింపారు. అది ఇరాక్ అని, చుట్టూ ఉన్నది అమెరికా సైన్యం క్యాంపని తెలుసుకోవడానికి వారం పట్టింది. వాళ్ల వంటశాలలో బంగాళాదుంపలు చెక్కడం ఆయన పని. "అమెరికావోళ్ల దగ్గర చేసేవంట, అమెరికా వెళ్లేవేటి?" అని ఎవరైనా అడిగితే, "నేనెళ్లలేదండీ, అమెరికాయే అక్కడికొచ్చింది" అంటాడు. హాస్యానికనేది కాదు ఆ మాట.

పక్కన కూర్చుని దుంపలు చెక్కే మారియో అనే పెద్దాయనది ఫిలిప్పీన్స్. వచ్చీరాని హిందీలో తన దేశం కథ చెప్పేవాడు. వాళ్ల ముత్తాతల కాలంలో స్పెయిన్ వాళ్లని తరమడానికి అమెరికా ఓడలొచ్చాయి. మీకు స్వేచ్ఛ తెచ్చామన్నారు. స్పెయిన్ పోయింది గాని ఓడలు పోలేదు. ఇదేం స్వేచ్ఛ అని అడిగినవాళ్ల మీద తుపాకులు పేలాయి. యాభై ఏళ్లకి రెండేళ్లు తక్కువగా ఏలారు. ఆ తరవాత కూడా ఓడరేవు తమ చేతుల్లోనే ఉంచుకున్నారు, మారియో తండ్రి అక్కడే నావికుల బట్టలు ఉతికాడు. ఫిలిప్పీన్స్ చేజిక్కిన ఏడాదే గువామ్, హవాయి కూడా వాళ్లవయ్యాయట. దుంప తొక్కలు బల్ల మీద పరిచి ఏ దీవి ఎక్కడుందో చూపించేవాడు.

చిన్నబ్బాయి మాత్రం ప్రతి దీవికీ ఒకటే ప్రశ్న వేసేవాడు. "అక్కడ కొబ్బరిచెట్లున్నాయా?" అన్నిట్లోనూ ఉన్నాయి.

ఇక ఆ దీవులు ఆయన్ని వదల్లేదు. కళ్లు మూస్తే చాలు, అంతులేని సముద్రంలో గోదావరి లంకల్లా తేలుతూ వచ్చేవి. లంక లంకకీ కొబ్బరి నీడ, నీడలో తడికలు. చెట్టు మొదట్లో ఎవడో తనలాంటివాడు తనకి తెలియని భాషలో కేక వేసేవాడు. దూరాన ఓడ ఒకటి, కేకా పలుకూ లేకుండా, మెల్లగా ఒడ్డుకి వచ్చేది. ఆ కల ఎంత చల్లగా ఉండేదో, మెలకువ వచ్చాక గుండె అంత బరువెక్కేది.

క్యాంపు గోడ పక్కనే పెద్ద ఖర్జూరం చెట్టుండేది. మన ఈతచెట్టుకి పెద్దక్క. గోడ అవతల కనబడేలా దాని మీద కెమెరా కట్టాలి, ఎక్కే మనిషి లేడు. "ఇంతకి రెట్టింపు చెట్లెక్కినవాణ్ణి" అని గొప్పకి పోయాడు చిన్నబ్బాయి. ఎన్నాళ్లకో చెట్టు మీద చెయ్యి వేసేసరికి ఒళ్లు పులకరించింది. అలవాటు కొద్దీ కేకకి నోరు తెరిచాడు. పక్కనున్న అమెరికా సోల్జరు పెదవుల మీద వేలు పెట్టాడు.

కేక మింగేశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కేక వెయ్యకుండా చెట్టెక్కాడు.

గోడకి అవతల ఇల్లుంది. పెరట్లో ఒకావిడ తల విరబోసుకుని, టబ్బులో చంటిపిల్లకి తలంటుతోంది. చప్పుడికి తలెత్తి చూసింది. పిల్లని రొమ్ముకి అదుముకుని చూస్తూ ఉండిపోయింది. చిన్నబ్బాయి మొహం తిప్పుకున్నాడు గాని చేతులు మాత్రం కెమెరా కట్టేశాయి.

నాలుగో రోజున కెమెరా అద్దం మీద దుమ్ము తుడవడానికి మళ్లీ ఎక్కించారు. ఆ ఇంటి తలుపు విరిగి పడుంది. పెరట్లో టబ్బు బోర్లాపడి ఉంది. మనుషుల్లేరు. ఏమయ్యారని అడిగితే ఎవరూ చెప్పలేదు. "నోరుండి కూడా కేకెయ్యలేదే కాంతం" అని తిరిగొచ్చిన రోజున ఆయన ఏడ్చిన ఏడుపు ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు మొన్నటి సంగతి. ఏడెకరాల కొబ్బరితోట ఆసామి దుర్గారావు గారు కబురు పెట్టారు. ఏడాది పొడుగునా ఆయన దింపులే చిన్నబ్బాయి ఇంటికి ఆధారం. వెళ్లేసరికి ఆయన చేతిలో తెల్లటి కెమెరా ఉంది.

"కాయలు పోతున్నాయోయ్. ఆ సుబ్బాయమ్మ ఇంటివైపే నాకనుమానం. ఈ గట్టు చెట్టు మీద కట్టేసెయ్. వాళ్ల దొడ్డి దొడ్డంతా ఫోన్లో కనబడాలి."

"ఆయ్" అన్నాడు చిన్నబ్బాయి, నోటికి అలవాటైన మాట. కెమెరా సంచీలో వేసుకుని చెట్టు దగ్గరికి నడిచాడు. గాలికి ఆకులు కదులుతున్నాయి. ఒక్క క్షణం అది కొబ్బరో ఖర్జూరమో ఆయనకి తెలియలేదు. అరికాళ్ల కింద ఇసక వెచ్చగా తగిలింది.

"చెట్టెక్కుతున్నానండోయ్!"

తడికల వెనక నీళ్ల చప్పుడు ఆగింది. సుబ్బాయమ్మ కోడలు వెంకటదుర్గ గొంతు వినబడింది. "ఉండండి బాబాయ్ గారూ, పిల్లకి తలంటుతున్నాను. రెండు నిమిషాలు!"

చిన్నబ్బాయి బంధం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇరవై ఏళ్లుగా ఇల్లు లేని చోట కూడా చెవి ఒగ్గింది ఈ మాట కోసమేనని ఆయనకప్పుడు తెలిసింది.

"ఎక్కవేమోయ్?" అన్నారు దుర్గారావు గారు.

"మరి నేనైతే కేకేస్తానండీ. ఇది కేకేస్తదాండీ?"

"ఏది?"

చిన్నబ్బాయి సంచీలోంచి కెమెరా తీసి, రెండు చేతులతో, మర్యాదగానే, ఆయన చేతిలో పెట్టాడు.

దుర్గారావు గారి మొహం ఎర్రబడింది. "అయితే రేపట్నుంచి నా దింపుకి రాకు. నువ్వు కాకపోతే ఎక్కేవాడే లేడా?"

"ఉంటారండీ" అన్నాడు చిన్నబ్బాయి. కాంతానికి ఏం చెప్పాలో తోచలేదు. భయమేసింది. అయినా బంధం భుజాన వేసుకున్నాడు.

ఇంతలో తడికల వెనకనుంచి పిలుపు వచ్చింది. "లోపలికొచ్చేసేం బాబాయ్ గారూ, ఇంకెక్కండి!"

"ఎక్కట్లేదమ్మా" అన్నాడు చిన్నబ్బాయి. "నువ్వు నిమ్మళంగా పిల్లకి నీళ్లు పోసుకో."