లూలూ మేత మానేసింది

జాబ్రియాలోని ఆ అరబ్బుల ఇంట్లో పనిమనిషి బుడేన్‌బీ మాట ఆసాంతం వినేది లూలూ ఒక్కతే. లూలూ అంటే చిన్నజాతి కొండచిలువ. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు 'మామా' అంటారు; చదువుకోసం విదేశం వెళ్తూ ఆవిడ కూతురు దలాల్ దాని గాజుపెట్టెను బుడేన్‌బీకి అప్పగించింది. మొదట్లో ఆ గదిలోకి వెళ్ళనని మొండికేసిన ఆ రాయచోటి మనిషి, ఇప్పుడు నీళ్ళు మారుస్తూ ఊరి గొడవలన్నీ దానికి చెప్పుకుంటుంది. అది ఎదురు చెప్పదు, పని చెప్పదు. ఇంకేం కావాలి!

అలాంటి లూలూ రంజాన్ నెలలో ఎలుకను ముట్టడం మానేసింది. "ఇది గూడా రోజా ఉండాది సూడబ్బీ!" అని డ్రైవర్ అల్లాబకష్‌తో నవ్వింది బుడేన్‌బీ. పండగ వెళ్ళిపోయినా అది నోరు తెరవలేదు. కుబుసం విడిచింది. వెచ్చటి మూలకు చేరి, పొట్ట పైకి తిప్పుకుని పడుకుంటోంది.

"రోగమే. శుక్రవారం పాములమ్మే మనిషి వస్తాడు, చచ్చేలోపు ఇచ్చెయ్. ఖలాస్!" అంది మామా.

బుడేన్‌బీ ఆ రాత్రే లూలూ దగ్గరికి వెళ్ళింది. పొట్ట ఉబ్బిన పసిబిడ్డకు రాసినట్టే రాద్దామని ఆముదం వెచ్చచేసి, చెయ్యి వేసింది. తోక వైపు వరసగా గట్టి ఉండలు తగిలాయి. హడలిపోయి దలాల్‌కు ఫోన్ చేసింది.

"నొక్కొద్దు! అవి గుడ్లు!" అని అరిచింది దలాల్. "చలికాలంలో నేను సెలవులకొచ్చినప్పుడు నా స్నేహితురాలి మగపాముతో జతకట్టింది. తిండి మానడం, పొట్ట తిప్పుకోవడం అన్నీ అందుకే. తడినాచు పరిచిన డబ్బా పెట్టు."

మామా నమ్మితేనా! "పాము మీద ప్రేమతో ఇద్దరూ కథలల్లుతున్నారు" అని కొట్టిపారేసింది.

శుక్రవారం ఆ మనిషి సంచి పట్టుకుని గేటు దగ్గరికి రానే వచ్చాడు. "ఏడ్సి ఏం లాభమక్కా, తీసకరా పో" అన్నాడు అల్లాబకష్. బుడేన్‌బీ లోపలికెళ్ళి, తను పెట్టిన తడినాచు డబ్బా మూత తీసి, "యా అల్లా!" అని కేక పెట్టింది.

ఏమైందోనని మామా, ఎన్నడూ అడుగుపెట్టని ఆ గదిలోకి పరిగెత్తుకొచ్చింది. ఒకదానికొకటి అంటుకున్న తెల్లటి గుడ్లచుట్టూ లూలూ చుట్టచుట్టుకుని, వాటిమీద తల ఆనించి ఉంది. ఐదుగురిని కన్న మామా గుడ్లవైపు వంగి చూసి, బుడేన్‌బీ వైపు తిరిగింది.

"వాణ్ణి పొమ్మను. బాలింతను నలభై రోజులు గడప దాటించకూడదు."

"ఆ తర్వాత, మామా?" అల్లాబకష్ నోరు ఊరుకోదు కదా! బుడేన్‌బీ వాడివైపు కొరకొరా చూసింది.

"తర్వాత పిల్లలొస్తాయి. అప్పుడు తల్లిని ఎలా పంపుతాం?" అంది మామా.

బుడేన్‌బీ ఏడుస్తూనే నవ్వింది.