తలుపులు తెరిచి జరిపిన వైవా

2023 వానాకాలం. ఢిల్లీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ విభాగం. నేనక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. మాది తెనాలి వైపు. ఉండేది మయూర్ విహార్‌లో, మెట్రోలో రాకపోకలు. నాకు నోరు పెద్దదని డిపార్ట్‌మెంట్‌లో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి మీటింగుల్లో అరిచి సంపాదించుకున్నాను.

యూనివర్సిటీ ప్రొఫెసరంటే రోజుకో క్లాసు చెప్పి ఇంటికెళ్ళిపోయే మనిషని మా చుట్టాల్లో చాలామంది అనుకుంటారు. అసలు చాకిరీ పిహెచ్‌డీ విద్యార్థుల దగ్గర ఉంటుంది. వాళ్ళ థీసిస్ చదవాలి, తిట్టాలి, తిట్టినందుకు ఏడిస్తే టీ ఇప్పించాలి, మళ్ళీ చదవాలి. ఇదంతా అయ్యాక చివరి మెట్టు వైవా. వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చి విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తారు. ఆయన్ని ఎక్స్‌టర్నల్ అంటాం. ఆయన సరేనంటేనే డాక్టరేట్.

మా దగ్గర వైవా బహిరంగంగా జరగాలని నియమం. ఆసక్తి ఉన్నవాళ్ళెవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఎక్స్‌టర్నల్ ప్రశ్నలు అయిపోయాక, అధ్యక్షత వహించేవారు గదిలో జనాన్ని చూసి "హౌస్ నుంచి ఎవరైనా అడుగుతారా?" అంటారు. మామూలుగా ఆ హౌస్‌లో ఉండేది అభ్యర్థి రూమ్మేట్లు, సమోసాల కోసం వచ్చిన జూనియర్లు. ఎవరూ ఏమీ అడగరు. ఎవడైనా అమాయకుడు చెయ్యెత్తితే అందరం వాడివైపు గుర్రుగా చూస్తాం. ఆ ఆచారాన్ని నేనూ అంతవరకు ఒక తంతుగానే చూశాను.

మంజులది నారాయణపేట. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. ఆరేళ్ళు నా దగ్గర పనిచేసింది. ఆమె పరిశోధన మా క్యాంపస్ హాస్టల్ మెస్సుల మీద. మా దగ్గర ఒక పాత అలవాటుండేది. రాత్రి భోజనాల వేళ ఎవరో ఒక విద్యార్థి బెంచీ ఎక్కి నిలబడి మాట్లాడేవాడు. ఫీజుల గురించి కావచ్చు, యుద్ధాల గురించి కావచ్చు. పిల్లలు రోటీ తుంచుకుంటూ వినేవాళ్ళు, నచ్చకపోతే అక్కడే గొడవపడేవాళ్ళు. తర్వాత ముందస్తు అనుమతి లేనిదే మెస్సులో మాట్లాడకూడదని నోటీసు వచ్చింది. ఆ అలవాటు ఎలా పుట్టింది, ఎలా పోయింది అన్నదే మంజుల థీసిస్. అందులో ఐదో అధ్యాయం, మాట్లాడబోయి మాట్లాడలేకపోయిన వాళ్ళ గురించి. అధికారులు ఆపిన వాళ్ళూ, తోటి విద్యార్థులే అల్లరి చేసి కూర్చోబెట్టిన వాళ్ళూ, అన్ని పక్షాల వాళ్ళూ అందులో ఉన్నారు. పరిశోధన పద్ధతి ప్రకారం అందరికీ మారుపేర్లే. అసలు పేర్లు నాక్కూడా చెప్పలేదు.

వైవా వారంలో పడిందనగా ఒక వాట్సాప్ మెసేజ్ బయల్దేరింది. ఐదో అధ్యాయంలో ఒక విద్యార్థి సంఘాన్ని రౌడీలని రాశారట. ఆ సంఘం నాయకుడు వికాస్, ఇందిరాపురం నుంచి వచ్చి బి.ఎ. నుంచీ మా హాస్టల్లోనే ఉంటున్న ఎమ్.ఎ. కుర్రాడు. వైవా జరగనివ్వబోమని ప్రకటించాడు. థీసిస్ వాళ్ళలో ఒక్కరూ చదవలేదు. ఆ మాటకొస్తే, మా సహోద్యోగుల్లో మాత్రం ఎంతమంది చదివారు గనక.

డీన్ గారు నన్ను పిలిపించారు. వైవాకి అధ్యక్షత ఆయనదే. చెడ్డమనిషి కాదు, గొడవంటే గిట్టని మనిషి. శాంతి కోసం తలుపులు వేసుకుని, ఎక్స్‌టర్నల్, ఆయన, నేను, మంజుల మాత్రమే కూర్చుందామన్నారు. గంటలో అయిపోతుంది, అమ్మాయికి డిగ్రీ వచ్చేస్తుంది. కాదంటే వాయిదా. బహిరంగం అంటే డిపార్ట్‌మెంట్ ఉపాధ్యాయుల వరకేనని కూడా ఒక కొత్త భాష్యం చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. నియమంలో రాసింది ఒకసారి చదవండి సార్ అని గట్టిగానే అన్నాను.

కానీ బయటికి వచ్చాక వాయిదా అన్న మాట భయపెట్టింది. మంజులకి హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. ఆ నెలాఖరులోగా డాక్టరేట్ వచ్చినట్టు కాగితం చూపించి చేరాలి. ఎక్స్‌టర్నల్ కోల్‌కతా నుంచి రావాల్సిన పెద్దాయన, ఈ తేదీ తప్పితే మళ్ళీ దీపావళి తర్వాతే దొరుకుతారు. వైవా వాయిదా పడితే ఆ ఉద్యోగం ఇంకొకరిది. నా పంతానికి ఆ పిల్ల బతుకు పణంగా పెట్టడానికి నేనెవరిని?

క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. నిర్ణయం నీదే, తలుపులు వేసుకున్నా నేను తప్పు పట్టనని కూడా అన్నాను. టీ కప్పు పక్కకి జరిపింది.

"మేడమ్, తలుపేస్తే కొలువు దొరుకుతది, నాకు తెలుసు. మా నాయన కూడా అదే చెయ్యమంటడు. గాని రేపు క్లాసుల పిల్లలకు ఏమని చెప్పాలె? మాట్లాడుడు మీద థీసిస్ రాసిన, ఎవ్వలు వినకుంట తలుపేస్కొని డిగ్రీ తెచ్చుకున్న అని చెప్పాలెనా?"

"వాళ్ళు నిన్ను నోరెత్తనివ్వకపోతేనో?"

"రానియ్యండ్రి. అడగనీకి వస్తే మంచిదే కద మేడమ్. ఆరేండ్లల్ల నన్ను ఒక్కరన్న ఆ అధ్యాయం గురించి అడిగిండ్రా?"

నేను అడిగానుగా అనబోయి ఊరుకున్నాను. నేను అడిగింది ఎక్కువగా ఫుట్‌నోట్ల గురించే.

మర్నాడు డీన్ గారితో మళ్ళీ కూర్చున్నాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. తలుపులు తెరిచే ఉంచుతాం, కానీ గదిలో ఒక్క నినాదం వినిపించినా ఆయన లేచి వైవా ఆపేస్తారు, ఆపితే వాయిదాయే. అంటే ఆ పిల్ల ఉద్యోగం వికాస్ గొంతులో ఉందన్నమాట.

వైవా రోజు పొద్దున వాన. ఎవరూ రారులే అని లోపల ఆశపడ్డాను. సెమినార్ గదికి వెళ్ళేసరికి అడుగు పెట్టే సందు లేదు. ముందు వరసలు మూడూ వికాస్ జట్టు. వెనక మంజుల స్నేహితులు, గోడ పొడవునా ఏ పక్షమూ కాని పిల్లలు. కిటికీ బయట గొడుగులు. ఎక్స్‌టర్నల్ గారు బ్లాక్ టీ తాగుతూ తీరిగ్గా చుట్టూ చూసి, నా వైవా కూడా ఇంతమంది మధ్య జరగలేదు అన్నారు. డీన్ గారు మాత్రం చేతిలో ఫైలు మూసీ తెరిచీ, ఏ క్షణానైనా లేచేలా కుర్చీ అంచున కూర్చున్నారు.

మంజుల లేచింది. సినాప్సిస్, అంటే థీసిస్ సారాంశం, పది నిమిషాల్లో చెప్పాలి. అది చెప్పకుండా డీన్ గారి వైపు తిరిగి, అనుమతిస్తే ముందు హౌస్ నుంచి ప్రశ్నలు తీసుకుంటానంది. ఇలా చేస్తానని నాకు చెప్పలేదు. చివర్లో లాంఛనంగా అడిగే మాటని తెచ్చి మొదట పెట్టింది. డీన్ గారు కుదరదనబోతుంటే ఎక్స్‌టర్నల్ గారు చెయ్యి ఊపి, నాకూ వాళ్ళ ప్రశ్నలే ముందు వినాలనుంది అన్నారు. ఇంక డీన్ గారు ఏమంటారు.

వికాస్ లేచాడు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు. హిందీలో గట్టిగా అడిగాడు. మీ వాళ్ళ గొంతు నొక్కేశారని పుస్తకం నిండా రాసుకున్నారు, మా వాళ్ళకి జరిగింది ఒక్క ముక్కయినా రాశారా అని. వెనక అతని స్నేహితులు బల్లలు చరచడం మొదలుపెట్టారు. ఎవడో నినాదం అందుకోబోయాడు. డీన్ గారు ఫైలు చంకలో పెట్టుకున్నారు. అయిపోయిందనుకున్నాను.

మంజుల గొంతు పెంచలేదు. "భయ్యా, ప్రశ్న అడిగారు, జవాబు వినండి" అని మాత్రం హిందీలో అంది. వికాస్ వెనక్కి తిరిగి తన వాళ్ళని చేత్తో ఆపాడు. ఆ ఒక్క పని అతను చెయ్యకపోయి ఉంటే ఇది రాసేదాన్నే కాదు.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఒక చలికాలం, అబ్బాయిల హాస్టల్ మెస్సు. తను అతిథి కూపన్ తీసుకుని భోజనానికి వెళ్ళింది. ఆ రోజు కఢీ చావల్, అంటే మజ్జిగ పులుసూ అన్నం. ఒక విద్యార్థి బెంచీ ఎక్కాడు. లైబ్రరీ మూసేశాక చివరి హాస్టళ్ళ దాకా బస్సు నడపాలని మొదలుపెట్టాడు. అతను ఏ సంఘమో అందరికీ తెలుసు. రెండు వాక్యాలు చెప్పాడో లేదో స్టీలు పళ్ళేలు వాయించడం మొదలైంది.

"మొదట వాయించింది నేను కూర్చున్న టేబులే. వాళ్ళు నా స్నేహితులు. ఆ మాటా రాశాను, వాళ్ళు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. అతను దిగిపోయాడు. చేతులు కడుక్కునే చోట నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా తిన్నాడు. ఐదో అధ్యాయం మొదలయ్యేది అతనితోనే."

పేరు చెప్పండి అని ముందు వరసలో ఎవరో అన్నారు.

"చెప్పను. పేర్లు బయటపెట్టనన్నది నా పని నియమం. ఆ పేరు చెప్పుకునే హక్కు అతనొక్కడిదే."

వికాస్ ఇంకా నిలబడే ఉన్నాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అతని మొహం చూస్తే నాకు అర్థమైపోయింది. అతని జట్టులో చాలామందికి అప్పటికింకా అర్థం కాలేదు.

"వో మై థా," అన్నాడు. అది నేనే అని.

నాకు కళ్ళు చెమర్చాయి. నాలాంటి మొండిదానికి అలా జరగడం అరుదు. ఎక్స్‌టర్నల్ గారు కప్పు కింద పెట్టి, ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్పు బాబూ అన్నారు. వికాస్ చెప్పాడు. ఉపన్యాసమేమీ కాదు. అతని క్లాసులో ఒక అమ్మాయి, చీకటి దారిలో నడవలేక సాయంత్రమే లైబ్రరీ నుంచి వెళ్ళిపోయేదట, ఆ బస్సు ఆమె కోసం అడిగాడట. వెనక వరసలో అప్పటి పళ్ళేల వాళ్ళే కాబోలు, ఇద్దరు తలొంచుకుని కూర్చున్నారు.

చెప్పేసి కూర్చుంటాడనుకుంటే, ఇంకో ప్రశ్న వేశాడు. ఈసారి గొంతులో కోపం లేదు. పళ్ళేలు వాయించడం కూడా వాళ్ళ భావప్రకటనే కదా, మరి దాన్ని తప్పని ఎలా రాశారు?

ఎక్స్‌టర్నల్ గారు పెద్దగా నవ్వేశారు. తను కోల్‌కతా నుంచి మోసుకొచ్చిన ప్రశ్నని ఈ కుర్రాడు ఎత్తుకుపోయాడని, ఇంక తనకి పనేమీ మిగల్లేదని అన్నారు. గదంతా నవ్వింది. డీన్ గారు కూడా కుర్చీలో వెనక్కి ఆనుకుని, చంకలో ఫైలు తీసి బల్లమీద పెట్టారు.

మంజుల ఆ ప్రశ్నకి చాలాసేపు జవాబు చెప్పింది. నచ్చలేదని చప్పుడు చెయ్యడం వేరు, పక్కవాడికి కూడా వినపడకుండా చెయ్యడం వేరని, మొదటిదాంట్లో మాట్లాడేవాడికి జవాబు దొరుకుతుందని, రెండోదాంట్లో వినేవాడి హక్కు పోతుందని వివరించింది. ఆ గీత ఎక్కడ పడుతుందో ప్రతిసారీ తనకీ తెలియలేదని ఒప్పుకుంది. వికాస్ ఒప్పుకోలేదు, తిరిగి అడిగాడు. గోడ దగ్గర పిల్లలు అందుకున్నారు. ఎక్స్‌టర్నల్ గారు అందరికంటే కఠినంగా అడిగారు, రెండుచోట్ల ఆమెను తడబడేలా కూడా చేశారు. గంటలో అయిపోవాల్సిన వైవా మధ్యాహ్న భోజనం వేళ దాటింది.

చివరికి అందరినీ బయటికి పంపి మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడానికేముంది. తలుపు తీసి, డిగ్రీ ప్రదానానికి కమిటీ సిఫారసు చేస్తోందని డీన్ గారే ప్రకటించారు. "డాక్టర్ మంజులా" అని మొదటిసారి నేనే పిలిచాను. వరండా దద్దరిల్లిపోయింది. వికాస్ జట్టు కూడా చప్పట్లు కొట్టింది, కొందరు కొంచెం మొహమాటంగా. డీన్ గారు నా పక్కకొచ్చి, మేడమ్, సమోసాలు సరిపోలేదు అని గుసగుసగా ఫిర్యాదు చేశారు. ఇంతమంది వస్తారని ఎవరనుకున్నారు సార్ అన్నాను. ఆ సాయంత్రం మెట్రోలో నేను నిలబడే వచ్చాను, అయినా అలసట తెలియలేదు. నా మొహంలో నవ్వు చూసి ఎదుటి సీటావిడ, ఏంటి దీదీ, లాటరీ తగిలిందా అని అడిగింది. అంతకన్నా పెద్దదేనని చెప్పాను.

మంజుల నెలాఖరుకి ముందే హైదరాబాద్‌లో చేరిపోయింది. వికాస్‌తో ఆమెకి ఇప్పటికీ ఏ విషయంలోనూ పడదు, ఫోన్లో వాదించుకుంటూనే ఉంటారని విన్నాను.

అంతకుముందు నేను నా విద్యార్థులకి, ఎదుటివాడు ఏమడిగినా తట్టుకునేలా రాయండని చెప్పేదాన్ని. మంచి సలహాయే అనుకునేదాన్ని. ఇప్పుడు వేరే మాట చెబుతున్నాను. మీరు రాసింది ఆపడానికి వచ్చిన మనిషి కూడా అందులో తనని చూసుకుని, పదిమందిలో లేచి, అది నేనే అనగలిగేలా రాయండి.