ఫొటోలో వెనకాయన

మామయ్య మనుషుల్ని చూడడు, మనుషుల వెనకాల చూస్తాడు. ఎదురుగా నిలబడి మీరు ఎంతైనా మాట్లాడండి, ఆయన చూపు మీ భుజం దాటిపోయి ఎక్కడో ఆగుతుంది. అక్కడెవరికో మర్యాదగా తల ఊపి, తర్వాత తీరిగ్గా మీ మాటలకు ఊఁ కొడతాడు. ఆయన ఫొటో స్టూడియోకి వచ్చినవాళ్ళలో సగం మంది వెనక్కి తిరిగి చూసుకుంటూ ఇంటికి పోతారు.

ఒకసారి సెలూన్ ఆయన గడ్డం గీస్తుంటే, మామయ్య అద్దంలో ఆయన వెనకాలకి చూసి "అలాగేనండీ" అన్నాడట. సెలూన్ ఆయన కత్తి పక్కన పెట్టేసి, "చెయ్యి వణికితే పూచీ నాది కాదు బాబూ" అని దండం పెట్టాడు. మామయ్య సగం గడ్డంతో స్టూడియోకి వచ్చేశాడు.

అలాంటాయన దగ్గర పనికి చేరింది మేనకోడలు. ఆ పిల్ల ఫొటోలు తీయడం పెద్ద స్కూల్లో నేర్చుకుంది. అక్కడ మొహం పదునుగా వచ్చి, వెనకున్నదంతా మసకైపోతేనే చప్పట్లు. చప్పట్లు ఎటు మోగితే కన్ను అటే అలవాటు పడుతుంది కదా, ఆ పిల్లకి మొహాలు తప్ప లోకంలో ఇంకేమీ కంటికి ఆనేది కాదు.

ఆమె నాన్నది తాళాలు బాగుచేసే కొట్టు. ఆ ఇంట్లో ఎవరూ మొహాలు చూసుకోరు, చూపంతా చేతిలో పని మీదే. తాళం తిరిగితే అదే మెచ్చుకోలు.

"మొహాలు తీసి ఏం తెరుస్తావే?" అన్నాడు నాన్న.

"అయితే నా మొహం చూడకు నాన్నా" అని విసురుగా వచ్చేసింది. అప్పట్నుంచి మాటల్లేవు. కోపం ఎప్పుడో చల్లారింది. నాన్న ఒక్కసారి వచ్చి తన పని చూస్తే చాలనుకునేది. ఆయన రాలేదు.

మేనకోడలు ఫొటోల వెనక కట్టే పాత తెర పీకేసి, గిరాకీల్ని వీధివైపు గాజు తలుపుకి వీపు పెట్టి కూర్చోబెట్టేది. ఒకరోజు స్కూలు టీచరమ్మ ఫొటో తీసి చూపిస్తే, మామయ్య ఆవిడ చెవి పక్కన వేలు పెట్టాడు.

"వెనకాయన మళ్ళీ వచ్చాడు."

వీధికి అవతల నిలువుగా ఒక నల్లటి మసక. ఆ పిల్ల తలెత్తి బయటికి చూసింది. ఎవరూ లేరు. వీపు చెక్క ఉన్న మామయ్య పాత బెంచీ ఒక్కటే ఉంది.

ఆ తర్వాత వరసగా ప్రతి ఫొటోలోనూ అదే మసక. పసిపిల్లాణ్ణి తీసిన రోజు అది వీధి మధ్యకొచ్చింది. ముసలి జంటని తీసిన రోజు ఇంకాస్త ఇటు. తలెత్తితే మాత్రం ఖాళీ వీధి, గాలి, బెంచీ. మామయ్య పొద్దున్నే ఆ బెంచీని కొంచెం ముందుకు లాగి వస్తాడు.

"రోజూ ఎందుకు జరుపుతావు మామయ్యా?"

"ఎండ మారిందమ్మా."

"ఎవరు మామయ్యా ఆ వెనకాయన?"

"చెప్పకూడదు. మాటిచ్చాను."

"దెయ్యానికా?"

"దెయ్యమంటే ఆయనకి కోపమొస్తుంది" అన్నాడు మామయ్య, ఆమె భుజం మీదుగా గోడకేసి చూస్తూ. ఆ పిల్ల గిరుక్కున వెనక్కి తిరిగింది.

పెళ్ళికూతురి ఫొటోతో ఓపిక అయిపోయింది. మసక గాజుకి ఆనుకుని ఉంది. తల ఉంది, మొహం లేదు. తలకి అటూ ఇటూ కొమ్ముల్లాంటివి మొలిచి ఉన్నాయి.

"ఈ కొట్లో నేనుండను మామయ్యా. వేరే ఊళ్ళో పనికి రమ్మంటున్నారు, రేపే పోతున్నాను."

మామయ్య మొహం వాడిపోయింది. చేసిన ఉపకారం ఎదురు తిరిగినట్టుంది.

"పోదువుగానిలే. పోయేముందు నా ఫొటో ఒకటి తియ్యి" అని వెళ్ళి గాజు ముందు కూర్చున్నాడు. "నా మొహంతో ఎవరికీ పని లేదు. నా వెనకాల తియ్యి."

ఆమె లెన్సు తిప్పింది. మామయ్య మొహం కరిగిపోయింది. వెనక మసక మెల్లగా గట్టిపడసాగింది. ముందు చొక్కా గుండీలు. నడుముకి తాళంచెవుల గుత్తి. కొమ్ములు మోచేతులయ్యాయి. గాజు మీద వెలుతురు పడకుండా కళ్ళకి అడ్డం పెట్టుకున్న రెండు అరచేతులు, ఇనుము మసి పట్టిన బొటనవేళ్ళు. ఈసారి ఆమె తలెత్తలేదు. చూస్తూనే ఉంది.

"మామయ్యా, అది మా నాన్న!"

"నాకు తెలీదా, మా బావే కదా."

పరుగున వెళ్ళి తలుపు తీసింది. నాన్న అలవాటు కొద్దీ బెంచీ చాటున వంగబోయాడు, సగంలో ఆగిపోయాడు.

"నువ్వు కెమెరాలోకి వంగితే నేను లేవాలి, నువ్వు తలెత్తితే నేను వంగాలి. నడుం పట్టేసిందే తల్లీ. పైగా మీ మామయ్య రోజూ ఈ బెంచీ జరిపేస్తాడు."

"లోపలికి రావచ్చుగా నాన్నా?"

"మొహం చూడొద్దన్నావుగా. చేతులు చూశాను." నాన్న నడుం నిమురుకున్నాడు. "బాగా తిరుగుతున్నాయి."

తాళం తప్ప మరిదేన్నీ మెచ్చుకోని మనిషి ఆ మాటన్నాడు. ఊరు ప్రయాణం అక్కడే ఆగిపోయింది.

నాన్న లోపలికొచ్చి ఆమె వెనక కుర్చీలో కూలబడ్డాడు. మామయ్య యథాప్రకారం ఆమె భుజం మీదుగా చూసి తల ఊపాడు. ఇక వెతకడానికేమీ మిగల్లేదు కాబోలు, ఆయన చూపు మెల్లగా వెనక్కి మళ్ళి ఆమె మొహం మీద ఆగింది. వెనకాయన్ని చూసి కూడా ఆ పిల్ల అంత హడలిపోలేదు.

"ఏంటి మామయ్యా అలా చూస్తున్నావ్?"

"ఏం లేదమ్మా. నీ గడ్డం మీద పుట్టుమచ్చ ఉందే, ఎప్పుడొచ్చింది?"